గుల్ల సున్నం దిగిన బావి

ఈ మధ్య మా శాఖలో కొత్తగా చేరిన కుర్రాళ్లు ఇద్దరు నన్ను చూడటానికి వచ్చారు. బ్లీచింగ్ పౌడరు రావడం ఒక రోజు ఆలస్యమైందని పై అధికారి మీద చిర్రుబుర్రులాడారు. నాకు నవ్వొచ్చింది. నాయనలారా, పౌడరు మొత్తానికే రాని ఎండాకాలం ఒకటి నేను చూశాను. ఆ సంగతి చెబుతాను, వినండి. ఇందులో నా గొప్ప పెద్దగా లేదు కాబట్టి ధైర్యంగానే చెప్పుకోవచ్చు.

అప్పుడు తెల్లదొరల కాలం, యుద్ధం జరుగుతోంది. నేను కడప జిల్లాలో హెల్త్ ఇన్‌స్పెక్టరుని. మైదుకూరు చుట్టుపక్కల ఊళ్లు నా పరిధి. నాకొక సైకిలు, ఒక తోలుసంచి, ఒక బంట్రోతు. బంట్రోతు నాకంటే వయసులో చాలా పెద్దవాడు, కర్నూలు మనిషి. అందరూ సాయిబు అనేవారు, నేనూ అంతే. అధికారులకు సలాము చేసేటప్పుడు ఆయన నడుము వంగేది గానీ నాలుక వంగేది కాదు. ఆ నాలుక వల్ల కొన్ని ఊళ్లలో మా పని జరిగింది, కొన్ని ఊళ్లలో మాకు భోజనం దొరకలేదు.

ఆ ఏడు కాలువలో నీళ్లు ఆపేశాక, ఎండలు ముదిరే వేళకు, కాలువ పక్క ఊళ్లో గత్తర పడింది. కలరాను అక్కడ గత్తర అనేవారు. పొద్దున సద్ది తిన్న మనిషి సాయంత్రానికి ఉండేవాడు కాదు. మా ఆఫీసరు నన్ను కడపకు పిలిచి రెండు సంగతులు చెప్పాడు. బావుల్లో వేసే పౌడరు డోన్ జంక్షన్‌లో ఆగిపోయింది, గూడ్సు బళ్లన్నీ మిలిటరీ సామానుకే పోతున్నాయి, ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియాలి. ఇక రెండోది, ఊరి పక్క గూడెం వల్లే జబ్బు వచ్చిందనీ దాన్ని పీకించమనీ ఊరి పెద్ద మొరపెట్టుకున్నాడు. "నువ్వెళ్లి చూడు. తీసెయ్యమంటే తీసేయిస్తాను, వద్దంటే వద్దు. నీ మాటే ఖాయం" అన్నాడు. ఆయన మంచివాడే. తన మెడ మీది కాడిని పక్కవాడి మెడకు మార్చడం కూడా ఆయనకు బాగా తెలుసు.

గూడెం ఊరికి దిగువన ఏటి ఒడ్డున ఉంది, అన్నీ పూరిగుడిసెలు, అక్కడి మాటలో కొట్టాలు. అక్కడివాళ్లు కాలువలోనూ ఏటి మడుగుల్లోనూ నత్తలు, ఆల్చిప్పలు ఏరుకుని బతికేవాళ్లు. మాంసం వండుకునేవారు, మిగిలింది ఎండబెట్టి సంతలో అమ్మేవారు. ఎవరికీ పనికిరాని గుల్లలను గూడెం చివర పోసేవారు. తాతల నాటి నుంచి పోస్తున్నారు కాబట్టి నేను చూసేసరికి అది మిద్దె ఎత్తు గుట్ట. పాత గుల్లలున్న వైపు ఎండకు తెల్లగా మెరిసేది. కొత్తగా పోసిన వైపు ఈగలు నల్లగా ముసిరేవి, కంపు కొట్టేది. ఊరివాళ్లు చెప్పింది పూర్తిగా అబద్ధమని నేను అనను. అక్కడి ఈగ ఎగిరి ఎవరి కంచం మీద వాలుతుందో ఎవరు చెప్పగలరు?

అయితే ఊరివాళ్లు చెప్పనివి రెండున్నాయి. ఊరి మంచినీళ్ల బావి మెట్లబావి. జనం కాళ్లతో నీళ్లలోకి దిగి కడవలు ముంచుకునేవారు. రోగుల బట్టలు కూడా ఆ గట్టు మీదే ఉతుకుతున్నారు, ఆ నీళ్లు మెట్ల మీదుగా బావిలోకే జారుతున్నాయి. నేను నా కళ్లతో చూశాను. ఇంకొకటి, గూడెంలోనూ చావులు జరిగాయి. వాళ్లకు బావి లేదు, ఊరి బావిలో వాళ్ల కడవ దిగకూడదు. ఏటి ఇసుకలో చేత్తో గుంట తవ్వుకుని, అందులో ఊరిన నీళ్లు తాగేవారు. ఆ గుంటను చెలమ అంటారు. గూడేనికి పెద్దదిక్కు ఒక ముసలమ్మ, అందరికీ అవ్వ. ఆమె కోడలు మేం వెళ్లడానికి ముందే పోయింది.

అవ్వ గుల్లలు పగలగొట్టి పగలగొట్టి కాయలు కాచిన చేతులతో నాకు ఎదురొచ్చింది.

"కొట్టాలు పీకను వచ్చినావా సామీ?"

"చూడటానికి వచ్చాను అవ్వా."

"సూసేదేముండాది? గుట్ట ఉండాది, మేముండాము. గుట్ట పోవల్లంటే మోసకపోయి యాడన్నా పోస్తాము. మమ్మల్ని యాడ పోస్తావు?"

తోలుసంచి తెరిచి కలరా మందు సీసాలు లెక్క చూసుకుంటున్నట్టు నటించాను.

మద్రాసులో ఈ పని నేర్చుకునే రోజుల్లో సముద్రం ఒడ్డున గుల్లలు కాల్చి సున్నం తీయడం చూశాను. అప్పుడే కాల్చిన సున్నం బావిలో వేస్తే పౌడరంత కాకపోయినా విషక్రిములు చస్తాయని కూడా మాకు పాఠం చెప్పారు. మా ప్రాంతంలో సున్నపురాయికి కొదవ లేదు. కానీ గత్తర భయానికి కూలీలు పారిపోయి రాతి బట్టీలు చల్లారి ఉన్నాయి, పైగా రాయి కాలాలంటే కట్టెలు బండ్లకొద్దీ కావాలి. గుల్ల తొందరగా కాలుతుంది. మైదుకూరు మిల్లు వెనక శనక్కాయ పొట్టు దిబ్బలుగా పడి ఉంది, ఎత్తుకుపోతే మిల్లువాళ్లే సంతోషిస్తారు. ఈ మాటలన్నీ సాయిబుతో అన్నాను. ఆయన కర్నూల్లో రాతి బట్టీల దగ్గర తిరిగినవాడు.

"సగం మీకు తెల్సు, సగం నాకు తెల్సు. రెండూ కలిపితే పూరా తెలివి రాదు గానీ, ఒక బట్టీ అయితే వస్తాదయ్యా" అన్నాడు.

అవ్వను కూర్చోబెట్టి చెప్పాను. గుట్ట సున్నమైపోతే ఈగలుండవు, బావికి మందు దొరుకుతుంది, గూడెం కదిలించాల్సిన అవసరమే రాదు.

"గుట్ట పాయె సరే. కొట్టాలు ఉంటాయా? అది చెప్పు."

"ఉంటాయి."

"మాట తప్పవు గదా?"

తప్పనన్నాను. ఆఫీసరు నీ మాటే ఖాయమన్నాడు కదా అనే ధీమా. గూడెం మొత్తం పనిలోకి దిగింది. కొత్త గుల్లల్లో మిగిలిన మాంసం గీకి లోతుగా పాతిపెట్టారు. నడుమెత్తు మట్టిగోడ కట్టి, గాలి పోవడానికి అడుగున కంతలు పెట్టి, ఒక వరస పొట్టూ పిడకలూ, ఒక వరస గుల్లలూ పేర్చారు. పగలంతా కాలింది. ఆ పొగ చూసి ఊళ్లోంచి నాకు పిలుపు వచ్చింది.

చావడిలో ఊరి పెద్ద కూర్చుని ఆకు వేసుకుంటున్నాడు. ఆయన్ని దుర్మార్గుడిగా ఊహించుకోకండి. కరువొచ్చిన ఏడు ఆ ఇంటి గంజి తాగి బతికినవాళ్లు గూడెంలోనే ఉన్నారు.

"ఏమప్పా ఇనస్పెట్రూ, కొట్టాలు పీకమంటే పొయ్యి పెట్టినావంట?"

"బావిలో వేయడానికి సున్నం కాలుస్తున్నాం పెద్దాయనా."

"నత్తగుల్లల సున్నమా? వాళ్లు తిని పారేసిన ఎంగిలి తెచ్చి మా బాయిలో ఏస్తావా? మేము తాగే నీళ్లప్పా అయి!"

స్తంభం దగ్గర నిలబడ్డ సాయిబు వినయంగా చేతులు కట్టుకున్నాడు. ఆయన చేతులు కట్టుకున్నాడంటే నాకు భయం.

"పెద్దయ్యా, కోపం చేసుకోవాకండి. ఆకుకు పూస్తాండారే, ఆ సున్నం యాడిది?"

"మైదుకూరు అంగడిది. ఏం?"

"అంగడికి యాడినుంచి వస్తాదో అడిగినారా? సముద్రం పక్కనుంచి వచ్చే గుల్ల సున్నమది. రాతి సున్నం నోరు పొక్కిస్తాదని మీరే ఇది తెప్పించుకుంటారని అంగడాయన చెప్పినాడు. ఆ గుల్లలో పురుగును తిన్నోళ్లు ఎవరో, ఏమో!"

చావడిలో ఒకరిద్దరు కండువా అడ్డం పెట్టుకుని నవ్వారు. పెద్దాయన నమలడం ఆపేశాడు. లేచి వెళ్లి ఉమ్మేసి, నోరు పుక్కిలించి వచ్చి కూర్చున్నాడు.

"నోరు నా ఒక్కనిది. బాయి ఊరందరిది. నా నోట్లో ఏముండాదో అడిగే హక్కు నీకుండాది సాయిబూ, ఆ బాయిలో ఏమెయ్యాల్నో చెప్పే హక్కు నాకే ల్యాదు" అన్నాడు.

సాయిబు వాదం గెలిచింది, మా పని ఓడింది. మీరు కూడా ఉద్యోగంలో ఇలాంటి గెలుపులు చాలా గెలుస్తారు. జాగ్రత్త.

మేమింకా చావడిలో ఉండగానే గూడెం వైపు నుంచి కేకలు వినిపించాయి.

జరిగింది ఇది. గత్తర రోజుల్లో ఊళ్లలో అమ్మవారు తిరుగుతూ ఉంటుందని నమ్మకం. అప్పుడు ఏ కొత్త పని మొదలుపెట్టినా ముందు ఆమెకు సాక పోయాలి. పసుపు కలిపి వేపాకు వేసిన కడవెడు నీళ్లు, ఇంటికి పెద్దయిన ఆడమనిషి చేతుల మీదుగా పోస్తే అమ్మ చల్లబడుతుంది. బట్టీ ఆరినట్టు కనిపించడంతో తెరుద్దామనుకున్నారు. తెరిచేముందు అవ్వ తలస్నానం చేసి వచ్చి, కడవ ఎత్తి, బట్టీ నోట్లోకి సాక పోసింది. సున్నం గురించి తెలిసినవాళ్లు ఆ పని చేయరు. అమ్మవారి గురించి తెలిసినవాళ్లు ఆ పని మానరు. లోపల కాలిన గుల్ల ఒక్కసారిగా ఉడికి, ఉబ్బి, బుస్సుమని ఆమె ముఖం మీదికి చిమ్మింది.

పరుగెత్తి వెళ్లి చెలమ నీళ్లతో ఆమె కళ్లు కడుగుతూనే ఉన్నాను. చేయి మోచేతి దాకా బొబ్బలెక్కింది. ఆముదం పూసి, బండి కట్టించి మైదుకూరు ఆసుపత్రికి పంపాం. బండిలో పడుకోబెట్టేటప్పుడు ఆమె నా చొక్కా పట్టుకుంది.

"సున్నం చెడిపోయిందా సామీ?"

"లేదవ్వా. చెడలేదు."

"అట్లయితే కానీలే" అని చేయి వదిలేసింది. నాకు ఏడుపొచ్చింది. అప్పుడు నా వయసు మీ వయసే.

డాక్టరు ఒక కన్ను కాపాడాడు. రెండోది పోయింది. ఆ కబురు ఆమె కంటే ముందే ఊరు చేరింది. అమ్మకు ఆ సున్నం ఇష్టం లేదనీ, అందుకే కన్ను పొడిచిందనీ ఊరంతా తేల్చేసింది. పెద్దాయన నన్ను పిలిపించాడు. "ఇంగ నీ మాటా వద్దు, మీ ఆఫీసరు మాటా వద్దు. మంగళవారం అమ్మకు పొలి చల్లినాక కొట్టాలు మేమే పీకుతాము" అన్నాడు. పొలి అంటే బలిచ్చిన నెత్తురు కలిపి ఊరి పొలిమేర చుట్టూ చల్లే అన్నం. అది చల్లాక ఊళ్లో ఏ చెడునూ ఉంచకూడదు. ఆ లెక్కలో గూడెం చెడు.

ఊరికి అక్కర్లేని సున్నాన్ని మేం గూడెంలోనే వాడాం. గోడలకు పూశాం, రోగులు పడుకున్న చోట చల్లాం, మలం మీద పోశాం. పాత చెలమలు పూడ్చి కొత్తవి తవ్వించి, చుట్టూ సున్నం కట్ట వేయించాం. కట్టు కట్టిన కంటితో అవ్వ తిరిగొచ్చి, గోడలు చూసి, పెండ్లి ఇండ్ల మాదిరిగా ఉండాయే అంది. గూడెంలో కొత్తగా ఎవరూ జబ్బు పడలేదు. ఊళ్లో మాత్రం పాడె వెనక పాడె లేచింది. పెద్దాయన తమ్ముడు పోయాడు. అన్నదమ్ములిద్దరూ ఒకే కంచంలో తిన్నవాళ్లని చెప్పుకునేవారు.

మంగళవారం పొద్దున గూడెంవాళ్లు కుండలు, చాపలు, తిరగలి రాళ్లు కొట్టాల్లోంచి తెచ్చి బయట పెట్టుకుని కూర్చున్నారు. పీకేటప్పుడు పగలకుండా ఉంటాయని. ఎవరూ ఏడవలేదు. నేనూ సాయిబూ గూడెం మొదట్లో నిలబడ్డాం. ఊరు కదిలి వస్తే మేమిద్దరం చేయగలిగింది ఏమీ లేదని మాకు తెలుసు. అయినా నిలబడ్డాం.

ఊరు రాలేదు. పెద్దాయన ఒక్కడే వచ్చాడు. తలకు రుమాలు లేదు, కాళ్లకు చెప్పులు లేవు. దూరంగా ఆగి, నా వైపు చూస్తూ అడిగాడు.

"సున్నం ఉండాదా అప్పా?"

సమాధానం అవ్వ చెప్పింది. "ఉండాది."

"మా ఇంట్లో దానికి తెల్లారినుంచి మొదులైంది" అన్నాడు. ఆయన భార్య సంగతి. ఊరి వైపు చూసి, "బాయికి శాలుతాదా?" అన్నాడు.

"శాలకపోతే ఇంగా గుట్ట ఉండాది గదా" అంది అవ్వ.

ఆయన భార్య దగ్గరికి సాయిబును మందిచ్చి పంపాను. కాచి చల్లార్చిన ఉప్పునీళ్లు చెంచాతో పోస్తూ కూర్చోమని చెప్పాను. గూడెం ఆడవాళ్లు సున్నం కుండలు తలకెత్తుకుని బావి గట్టుకు ఇవతలి దాకా తెచ్చి దించి వెనక్కి జరిగారు. అక్కణ్నుంచి ఊరివాళ్లు మోశారు. పెద్దాయన స్వయంగా గంగాళంలో సున్నం కలిపి, మెట్లు దిగి బావిలో పోశాడు. నీళ్లు పాలలా తెల్లబడ్డాయి. ఊళ్లోవాళ్లు చేతులు జోడించి చూశారు. ఆ సున్నం ఎవరి గుల్లదో ఆ కాసేపు ఎవరికీ గుర్తు లేదు.

సున్నం అడుక్కి దిగి తేరుకునేదాకా ఆ నీళ్లు ముట్టవద్దన్నాను. మరి ఊరు ఏం తాగాలి? కాలువ ఎండిపోయింది, చేలల్లో బావులు ఉప్పు. ఉన్న మంచినీళ్లల్లా గూడెంవాళ్ల చెలమలే. ఎవరు ముందు దారి తీశారో తెలియదు, ఊరి ఆడవాళ్లు కడవలతో ఏట్లోకి దిగారు. గూడెం ఆడవాళ్లు పక్కకు తప్పుకుని, ఇంకాస్త ఎగువన ఇసుకలో కొత్త చెలమలు తవ్వి ఇచ్చారు. అలా బావి తేరేదాకా ఊరంతా ఆ నీళ్లే తాగింది.

గత్తర తగ్గింది. సున్నం వల్లే తగ్గిందని నేను ప్రమాణం చేయను. బావి గట్టు మీద బట్టలు ఉతకడం మాన్పించాం, నీళ్లు కాచి తాగించాం, జబ్బుకు కూడా దాని ఆయుష్షు దానికుంటుంది. పెద్దాయన భార్య బతికింది. గుట్ట సగానికి పైగా కరిగిపోయింది.

ఊరి కూటం బావి దగ్గరే పెట్టారు. గూడెంవాళ్లు ఎప్పటిలాగే ఎడంగా నిలబడ్డారు. "ఇంగ గూడెం జోలికి ఎవరూ పోగూడదు. ఇది నా మాట" అన్నాడు పెద్దాయన. నా గుండెల మీంచి బండ దిగింది. నేను అవ్వకిచ్చిన మాట నిలబడింది, అదీ నా వల్ల కాకుండా. పెద్దాయన ఆమె వైపు తిరిగాడు. అంతకుముందు ముసిల్ది అనేవాడు.

"అవ్వా, నీ కన్ను మా వల్ల పాయె. ఏం గావల్నో అడుగు."

చీరో, గింజలో అడుగుతుందని అందరూ అనుకున్నారు. నేనూ అనుకున్నాను. ఆమె ఉన్న ఒక్క కంటితో బావిని చూసింది.

"మీ కడవలు మా చెలమల్లో మునిగినాయి పెద్దయ్యా. మా సున్నం మీ బాయిలో దిగింది. మా కడవ గూడా దిగనీయండి. ఇంగేమొద్దు."

పెద్దాయన తల దించుకున్నాడు. గట్టిగా కసిరి ఉంటే సాయిబు ఏదో ఒకటి అనేవాడు. పెద్దాయన మాత్రం చాలా మెత్తగా చెప్పాడు.

"ఏటి నీళ్లకు అంటు ల్యాదవ్వా. అయి పారే నీళ్లు. బాయి నీళ్లు అట్ల గాదు. అది నా ఒక్కని చేతిలో ల్యాదు."

సర్కారు బావి అందరిదీ అని ఉత్తర్వు ఉందని నేను అన్నాను. పెద్దాయన నా భుజం మీద చేయి వేశాడు. "ఉత్తరువు నువ్వు తీసకపోతావప్పా. బాయి ఈడ్నే ఉంటాది" అన్నాడు. అవ్వ సరేలే అన్నట్టు తలూపి, తనవాళ్లను తీసుకుని ఏటి వైపు వెళ్లిపోయింది. తిరుగుదారిలో సాయిబు మైదుకూరు దాకా నోరు విప్పలేదు. ఆయన అంతసేపు మౌనంగా ఉండటం నేను చూసింది అదొక్కసారే.

మా ఆఫీసరు నన్ను మెచ్చుకున్నాడు. పనికిరాని చెత్తతో ఊరిని కాపాడావన్నాడు. చెత్తంటే ఆయన ఉద్దేశం గుల్లలే, నాకెందుకో ఆ మాట గుచ్చుకుంది.

మరుసటి ఏడు కాలువలో నీళ్లు ఆపేసే వేళకు కూడా పౌడరు సరిగా రావడం లేదు. బావికి ముందుగానే సున్నం వేయించాలి. అడగడానికి మొహం చెల్లక, గూడెం ముందు సైకిలు దిగి కాసేపు నిలబడ్డాను. అవ్వ నన్ను చూసి కొట్టం వెనక్కి తీసుకెళ్లింది. సున్నం కాల్చి, కుండల్లో పోసి, మూతలకు మట్టి మెత్తి, నీడన వరసగా పెట్టి ఉంది. ఎవరూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు.

"ఆ బావి నీళ్లు నిన్ను తాగనివ్వరు కదా అవ్వా. అయినా కాల్చి పెట్టావా?" అన్నాను.

ఆమె ఒక కుండ తలకెత్తుకుంది.

"ఆ బాయి చెడితే మల్లా పీకేది మా కొట్టాలే గదా సామీ" అంది, ఊరి దారి పట్టింది.